పని నేర్పే సిస్టరమ్మని గుర్తుపడదాం



ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి, ఆసుపత్రిలో నాలుగు రోజులుండి, నయమై ఇంటికి బయలుదేరేటప్పుడు మనం ఎవరెవరికి దణ్ణం పెడతాం? ముందు డాక్టరుగారికి. కాస్త వెసులుబాటు ఉన్నవాళ్లయితే ఓ స్వీట్ల డబ్బా కూడాను. తర్వాత, నొప్పి తెలియకుండా సూది వేసిన చిన్న నర్సమ్మకి “చల్లగా ఉండు తల్లీ” అని ఓ దీవెన. ఆయా చేతిలో ఏదో కాస్త పెడతాం. అంతే కదండీ? మరి ఆ చిన్న నర్సమ్మకి నొప్పి తెలియకుండా సూది వెయ్యడం ఎవరు నేర్పారు? అది పుట్టుకతో వచ్చే విద్య కాదు, పుస్తకం చదివితే వచ్చేదీ కాదు. ఆ వార్డులోనే ఎక్కడో ఓ పెద్ద సిస్టరమ్మ ఉంటుంది. తన పేషెంట్లని తను చూసుకుంటూనే, పక్కనున్న నలుగురు పిల్లల చేత పని చేయించి, దిద్ది, నిలబెట్టేది ఆవిడే. ఇవాళ ఆవిడ గురించి చెప్పుకుందాం. ఆవిడ ఏం చేస్తుంది, ఆవిడని ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక మనం చెయ్యాల్సిందేమిటి, ఈ మూడే సంగతులు.

ముందు నర్సు చదువు సంగతి. ఇంటర్మీడియట్ తర్వాత జి.ఎన్.ఎం. చదివితే మూడేళ్లు, బి.ఎస్‌సి. నర్సింగ్ అయితే నాలుగేళ్లు. పాఠాలు వింటారు, బొమ్మ మీద సూదులు వేస్తారు, ఆసుపత్రుల్లో తిరిగి పని చూస్తారు. పరీక్ష ప్యాసై పేరు రిజిస్టరు చేయించుకున్నాక ఉద్యోగం వస్తుంది. ఆ మొదటి రోజు రాత్రి డ్యూటీలో, ఓ పక్క సెలైన్ అయిపోతోందని ఒకరు, మరో పక్క ఆయాసం వస్తోందని ఒకరు పిలుస్తూ ఉంటే, ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఎటు పరిగెత్తాలి? ఇది ఏ పరీక్షలోనూ అడగని ప్రశ్న. తరగతి గదికీ వార్డుకీ మధ్య ఒక వాగు ఉందనుకోండి. చెయ్యి పట్టుకుని ఆ వాగు దాటించే మనిషి కావాలి.

1984లో పెట్రీషియా బెన్నర్ అనే అమెరికా నర్సు ఒక పుస్తకం రాసింది. నర్సుకి పని పట్టుబడడంలో అయిదు మెట్లుంటాయని అందులో వివరించింది. మొదటి మెట్టు మీద ఉన్నమ్మాయి సూత్రం ఎలా చెబితే అలా చేస్తుంది. అయిదో మెట్టు మీద ఉన్నావిడకి రోగి మొహం చూడగానే ఎక్కడో తేడాగా ఉందని తోచేస్తుంది. మనకిది కొత్తేం కాదు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల గ్లాసుతో కొలిచి ఎసట్లో నీళ్లు పోస్తుంది. మనం వేలి కణుపుతో చూసుకుంటాం. పాత బియ్యమో కొత్త బియ్యమో గింజ చూసి చెప్పేస్తాం.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది. పై మెట్టు మీద ఉన్నావిడని “ఎలా తెలిసిందండీ?” అని అడిగితే, “ఏమో, అలా తెలిసిపోయింది” అంటుంది. అత్తగారిని “పులుసులో ఉప్పెంత వెయ్యమంటారు?” అని అడిగితే “సరిపడా వెయ్యి” అన్నట్టు. సరిపడా అంటే ఎంతో తెలిస్తే ఆ పిల్ల అడగనే అడగదు కదా! అందుకే, పని వచ్చినవాళ్లందరూ పని నేర్పలేరు. ఆ “సరిపడా” అనే మాటని విప్పి, ఇదిగో ఇంత, ఇందుకు ఇంత, ఇలా ఉంటే కాస్త తగ్గించు అని చెప్పగలిగినావిడే నేర్పే సిస్టరమ్మ. ఓర్పూ నేర్పూ రెండూ ఉన్న మనిషి.

ఇది వట్టి మాటల్లో చెబితే తెలియదు. మా సోంపేట వైపు సంగతి చెబుతాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల కొబ్బరి, జీడితోటల సీమని ఉద్దానం అంటారు. పచ్చగా చూడముచ్చటగా ఉంటుంది. ఆ పచ్చదనం కిందనే ఎన్నో ఇళ్లల్లో కిడ్నీ జబ్బు ఉంది. షుగరూ బి.పీ. లేని రైతుకూలీలకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. దీనికి అసలు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. సోంపేట, పలాస, టెక్కలి లాంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. పడకలు వచ్చాయి, మిషన్లు వచ్చాయి. ఆ మిషన్ల దగ్గర నిలబడే చేతులకి పని ఎంత బాగా వచ్చన్నదే ఇప్పుడు ప్రశ్న.

మా తోడికోడలికి డయాలసిస్ జరుగుతోంది. తోడుగా వెళ్లి కూచోవడం నాకు అలవాటైంది. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ ఎదురుగా జరిగేది చూస్తూ ఉంటాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్నయినా, చూస్తే కొన్ని తెలుస్తాయి కదా. అక్కడ ఒక పెద్ద సిస్టరుగారు ఉన్నారు. పేరు చెప్పను, చెబితే ఆవిడే కోప్పడతారు.

డయాలసిస్ రోగికి సాధారణంగా ఎడం చేతిలో చిన్న ఆపరేషన్ చేసి ధమనినీ సిరనీ కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటారు. అక్కడ రెండు సూదులు పెడతారు. ఒకదాంట్లోంచి రక్తం మిషనులోకి పోతుంది, శుభ్రపడి రెండోదాంట్లోంచి తిరిగి ఒంట్లోకి వస్తుంది. ఆ ఫిస్టులా మీద చెయ్యి వేసి చూస్తే లోపల తేనెటీగ రొద చేస్తున్నట్టు ఒక అదురు తెలుస్తుంది. ఆ అదురు ఉంటేనే దారి తెరిచి ఉన్నట్టు. అది ఆగిపోయిందంటే లోపల రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానించి వెంటనే డాక్టరుకి చెప్పాలి. అందుకే ఆ చేతికి బిగుతు గాజులు వేసుకోకూడదు, ఆ చేత్తో బరువులు మొయ్యకూడదు, ఆ చేతికి బి.పీ. పట్టీ కట్టనివ్వకూడదు.

కొత్తగా వచ్చిన అమ్మాయి సూది పట్టుకుని వచ్చింది. పెద్ద సిస్టరుగారు, “సూది తర్వాత. ముందు చేత్తో చూడు. కళ్లు మూసుకుని చూడు. ఎక్కణ్ణించి ఎక్కడికి పోతోందో వేలితో నాకు చూపించు” అన్నారు. ఆ అమ్మాయి చూపించింది. “ఆఁ, అదీ. ఇప్పుడు పొయ్యి” అన్నారు. అదే పని మొదటి రోజు ఆవిడ చేసి చూపించారు. ఆ తర్వాత కొన్ని రోజులు అమ్మాయి చేస్తుంటే పక్కనే చెయ్యి సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. ఇప్పుడు ఆ అమ్మాయి చేస్తుంటే ఆవిడ అటు తిరిగి రిజిస్టరు రాసుకుంటారు. చెవి మాత్రం ఇటే! చూపించడం, చేయించడం, దూరం జరగడం. నేర్పడమంటే ఈ మూడేనని నాకు అక్కడే బోధపడింది. మొదటిది చాలామంది చేస్తారు. మూడోదానికే గుండె ధైర్యం కావాలి.

ఇంకో రోజు ఒకాయన పడుకుని డయాలసిస్ చేయించుకుంటూ రెండుసార్లు ఆవలించారు. కొత్తమ్మాయి మిషను మీద అంకెలు చూస్తోంది. అన్నీ బాగానే ఉన్నాయి. పెద్ద సిస్టరుగారు, “అమ్మాయ్, బి.పీ. చూడు” అన్నారు. చూస్తే పడిపోవడం మొదలైంది. గబగబా కాళ్లు ఎత్తి పెట్టి, చెయ్యాల్సినవి చేశారు. ఆయన తేరుకున్నాక ఆవిడ ఆ అమ్మాయిని పక్కకి పిలిచి చెప్పారు: ఒంట్లోంచి నీరు ఎక్కువగా లాగితే బి.పీ. పడిపోతుంది, పడిపోయే ముందు కొందరు ఆవలిస్తారు, కొందరికి చెమట పడుతుంది, కొందరికి పిక్కలు పట్టేస్తాయి, కొందరికి వికారం. మిషను మోగేదాకా ఆగకు, మొహం చూస్తూ ఉండు. చూశారా! “అలా తెలిసిపోయింది” అని ఊరుకోలేదు. ఆవలింత అనే గుర్తుని తన చేతిలోంచి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు. ఇక ఆ పిల్ల ఎక్కడికి బదిలీ అయితే ఆ గుర్తు అక్కడికి పోతుంది.

మరొకటి చెప్పాలి. ఉద్దానంలో మనిషి నీరసపడితే మొదట ఇచ్చేది కొబ్బరి బొండాం. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి ఆ బొండాం నీళ్లే ప్రమాదం కావచ్చు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. పుస్తకం చదువుకొచ్చిన అమ్మాయి రోగికి, “పొటాషియం ఉన్న ఆహారం తగ్గించండి” అని చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. పెద్ద సిస్టరుగారు నవ్వి, “ఆయన తలూపింది నీ మీద గౌరవంతో. అర్థమై కాదు. బొండాం మాట చెప్పు, అరటిపండు మాట చెప్పు, పనస తొనల మాట చెప్పు. ఇంటికెళ్లి ఏమేం మానేస్తాడో ఆయన చేతే నీకు అప్పచెప్పించుకో” అన్నారు. రోగికి అర్థమయ్యేలా చెప్పడం కూడా నర్సు విద్యలో భాగమే. దాన్ని కూడా ఒకరు నేర్పాలి.

“ఆవిడ జీతం తీసుకుంటోంది కదా, ఇందులో గొప్పేముంది?” అని ఎవరైనా అనొచ్చు. ఇక్కడ కాస్త ఆలోచించాలి. నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పే టీచరమ్మకి పాఠం చెప్పడమే ఉద్యోగం. వార్డులో పెద్ద సిస్టరుకి ముందు తన పేషెంట్లున్నారు, మందుల లెక్కుంది, రిజిస్టర్లున్నాయి. ఎన్ని ఇంజక్షన్లు వేశారో లెక్క ఉంటుంది, ఎన్ని పడకలు నిండాయో లెక్క ఉంటుంది. ఫలానా అమ్మాయికి చెయ్యి కుదిరేలా చేశానని రాసుకోవడానికి చాలా చోట్ల ఏ రిజిస్టరులోనూ గడి ఉండదు. పైగా నేర్పడానికి టైము పడుతుంది. తను చేస్తే అయిదు నిమిషాల్లో అయ్యే పని, కొత్తమ్మాయి చేత చేయిస్తే పావుగంట. మన పిల్ల చేత మొదటిసారి చపాతీ చేయించిన రోజు ఎంతసేపు పట్టిందో గుర్తుంది కదా! విసుగు రాకుండా, “ఉండు, నేనే చేస్తాను లే” అనకుండా నిలబడడమే ఆ పనిలో కష్టం.

మరి ఇలా నేర్పకపోతే ఏమవుతుంది? పని ఒక్కరి చేతిలోనే ఉండిపోతుంది. ఆవిడ సెలవు పెడితే, బదిలీ అయితే, రిటైరైతే ఆ పని కూడా ఆవిడతో వెళ్లిపోతుంది. డయాలసిస్‌కి కరెంటు కావాలి, శుద్ధి చేసిన నీళ్లు కావాలి. నాలుగు గంటల డయాలసిస్‌కి మామూలుగా సుమారు 120 లీటర్ల ద్రావణం మిషనులోంచి పారుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలకొరిగి, స్తంభాలు కూలి, ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇది తుపాన్ల తీరం. డయాలసిస్ మధ్యలో కరెంటు ఆగిపోయి, ఇంకో దారి లేకపోతే, మిషనులో ఉన్న రక్తాన్ని చేత్తో పంపు తిప్పి రోగి ఒంట్లోకి పంపించాలి. అందుకు మిషనుకి ఒక పిడి ఉంటుంది. ఆ పిడి ఎక్కడుందో, ఎంత నెమ్మదిగా తిప్పాలో ఆ గదిలో ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరూ ఆ రోజు సెలవులో ఉంటే? అందుకే తెలివైన పెద్ద సిస్టర్లు ఏ గొడవా లేని మామూలు రోజునే కొత్తవాళ్ల చేత ఆ పిడి తిప్పించి చూస్తారు. నేర్పడం అంటే ఒక మర్యాద కాదు, ఒక ప్రాణానికి ముందే కట్టిన గట్టు.

ఈ ఆలోచన పాతదే. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినని వాళ్లుండరు. దీపం పట్టుకుని రాత్రులు గాయపడ్డ సైనికుల మధ్య తిరిగిన తల్లిగానే ఆవిడని తలుచుకుంటాం. ఆవిడ చేసిన అంతకంటే పెద్ద పని 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి పెట్టించడం. నర్సు పని గురించి ఆవిడ రాసిన చిన్న పుస్తకంలో ఒక అధ్యాయం అంతా ఈ విషయమే: తాను గదిలో లేనప్పుడు కూడా పని సాగేలా నర్సు ముందే ఎలా ఏర్పాటు చెయ్యాలా అని. ఆ బడిలో చదివిన లూసీ ఆస్బర్న్ అనే ఆవిడ మరో అయిదుగురు నర్సులతో ఓడెక్కి 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరుకుని, అక్కడి ఆసుపత్రిలో నర్సులకి తరిఫీదు మొదలుపెట్టింది. ఒక దీపం నుంచి ఇంకో దీపం వెలిగించడమంటే ఇదే కదండీ.

మన దేశంలోనూ అలాగే జరిగింది. గుంటూరులో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ స్త్రీలకీ పిల్లలకీ ఆసుపత్రి కట్టించింది. ఆడపిల్ల నర్సు పనికి పోతానంటే ఇంట్లో వాళ్లు గుమ్మానికి అడ్డం నిలబడ్డ కాలం అది. అలాంటి కాలంలో మిషన్ ఆసుపత్రుల్లో పెద్ద నర్సులు తెలుగు పిల్లల్ని చేరదీసి పని నేర్పారు. వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల బడి పెట్టింది. 1946లో వెల్లూరులోనూ ఢిల్లీలోనూ నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది.

మా సోంపేటకీ ఒక కథ ఉంది. ఇక్కడి ఆరోగ్యవరం మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన కెనడా కంటి డాక్టరు బెన్ గలిసన్ 1963లో తమ దేశం వెళ్లి, ఇక్కడి చూపు పోయినవాళ్ల గురించి చెప్పారు. ఆ మాటలు విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే కాల్గరీ పట్నం వ్యాపారి కదిలిపోయి, “ఆపరేషన్ ఐసైట్” అనే సంస్థని మొదలుపెట్టారు. ఇప్పుడది చాలా దేశాల్లో కంటివైద్యానికి సాయపడుతోంది. ఈ కథ చెప్పేటప్పుడు మనం డాక్టరు పేరు చెబుతాం, దాత పేరు చెబుతాం. ఆ రోజుల్లో శుక్లం ఆపరేషన్ అయ్యాక రోగి కళ్లకి కట్టుతో, తల కదలకుండా రోజుల తరబడి పడుకోవాలి. దగ్గినా తుమ్మినా, ఒక్కసారి విసురుగా లేచినా చేసిన పనంతా వృథా. ఆ రోగిని కదలకుండా చూసి, తినిపించి, కట్టు మార్చింది ఎవరు? నర్సులే. కథలో ఆ మాట రాదు. ఇప్పుడైనా రావాలనే నా తాపత్రయం.

దగ్గరి కాలానికి వద్దాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ కలిసి కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పని మొదలుపెట్టాయి. 30 మంది స్టాఫ్ నర్సుల్ని ఎంచి 18 నెలల పాటు మంత్రసాని విద్యలో, ఇప్పటి మాటల్లో మిడ్‌వైఫరీలో, తరిఫీదు ఇచ్చారు. నేర్పినవాళ్లు తరగతి గదిలో పాఠం చెప్పి వెళ్లిపోలేదు, పురిటి గదిలో పక్కన నిలబడి నేర్పారు. మరుసటి ఏడు, 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో మిడ్‌వైఫరీ ఎడ్యుకేటర్ అని ఒక స్థానాన్ని ప్రత్యేకంగా పెట్టారు. అంటే నేర్పే మనిషికి ఒక పేరూ ఒక కుర్చీ ఇచ్చారన్నమాట. అన్ని వార్డుల్లోనూ ఆ గౌరవం వస్తే ఎంత బావుంటుంది!

మరి ఇలాంటి సిస్టరమ్మని మనం గుర్తుపట్టడమెలా? మనం డాక్టర్లం కాము, పరీక్షాధికారులం కాము. కానీ రోగి పక్కన గంటలు గంటలు కూచునేది మనమే. కాస్త గమనించండి.

మొదటి గుర్తు: ఆవిడ లేని రోజున వార్డు చూడండి. ఆవిడ ఉన్నప్పుడు చేతులు కడుక్కున్న అమ్మాయిలు ఆవిడ లేనప్పుడూ కడుక్కుంటున్నారా? కడుక్కుంటుంటే ఆవిడ భయం పెట్టలేదు, అలవాటు నేర్పింది.

రెండో గుర్తు: కొత్తవాళ్లు సందేహం వస్తే ఆవిడ దగ్గరికి ధైర్యంగా వెళ్తున్నారా, లేక చాటుగా ఒకరినొకరు అడుక్కుంటున్నారా? కడిగేసే పెద్దల దగ్గరికి ఎవరూ ప్రశ్న పట్టుకెళ్లరు. ప్రశ్న అడగని నర్సే ప్రమాదం తెస్తుంది.

మూడో గుర్తు: తప్పు జరిగినప్పుడు ఆవిడ మొదటి మాట ఏమిటి? “ఎవరు చేశారు?” అన్నది ఒక రకం. “ఏం జరిగింది, ఇప్పుడు పేషెంటు ఎలా ఉన్నారు?” అన్నది ఇంకో రకం. ఈ రెండో రకం దగ్గర తప్పు దాచిపెట్టాలన్న బుద్ధి పుట్టదు. దాచని తప్పుని దిద్దుకోవచ్చు.

నాలుగో గుర్తు: తిట్టడానికీ దిద్దడానికీ తేడా ఉంది. గట్టిగా చెప్పే మనిషి చెడ్డదని అనుకోకండి. రోగి ఎదుట పరువు తీసేది ఒకావిడ. పక్కకి పిలిచి గట్టిగా చెప్పి, మళ్లీ అదే పని అదే అమ్మాయి చేత చేయించేది ఇంకొకావిడ. ఆ మళ్లీ చేయించడంలోనే నమ్మకం ఉంది.

అయిదో గుర్తు: ఎవరైనా మెచ్చుకుంటే ఆవిడ ఎవరి వేపు చూపిస్తారు? “నాదేముందండీ, ఈ పిల్ల బాగా చేసింది” అంటే ఆవిడే మనం వెతికే మనిషి. ఇప్పుడు మగ నర్సులూ ఉన్నారు. వాళ్లలోనూ ఇలాంటి గురువులుంటారు.

ఇందులో మన పాత్రా కొంత ఉంది సుమండీ. చిన్న నర్సమ్మ దగ్గరికి రాగానే “నువ్వొద్దు, పెద్ద సిస్టర్ని పిలువు” అనేస్తాం. మన భయం మనది, కాదనను. రెండుసార్లు ప్రయత్నించినా సూది దిగకపోతే ఇంకొకరిని పిలవమని మర్యాదగా అడగడం తప్పు కాదు. చాలా ఆసుపత్రుల్లో పాటించే పద్ధతే అది. కానీ పెద్ద సిస్టరు పక్కన నిలబడి ఉండగా చిన్నమ్మాయిని చెయ్యనివ్వడానికి అభ్యంతరం దేనికి? పలాసలో జీడిపప్పు విరగకుండా తీసే ఆడవాళ్లున్నారే, వాళ్లలో ఎవరూ మొదటి రోజునే ఆ పని నేర్వలేదు. పెద్దవాళ్ల పక్కన కూచుని, కొన్ని పప్పులు విరిచి నేర్చుకున్నారు. ఇక్కడ విరగడానికి వీల్లేదు కాబట్టే పక్కన పెద్ద చెయ్యి ఉంటుంది. మన ఓర్పు కూడా ఆ పిల్ల చదువులో ఒక పాఠం.

ఇక గౌరవించడం సంగతి. మన దేశంలో నర్సులకి ఇచ్చే జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాలు 1973లో మొదలయ్యాయి. నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, లేడీ హెల్త్ విజిటర్లు వీటికి అర్హులు. ప్రభుత్వ ఆసుపత్రుల వాళ్లే కాదు, మిషన్ ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికీ ఇస్తారు. రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రశంసాపత్రం, పతకం, నగదు అందుతాయి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వారి నైటింగేల్ పతకం 1912లో ఏర్పడింది. యుద్ధాల్లో, విపత్తుల్లో సేవ చేసినవారితో పాటు నర్సింగ్ విద్యలో కొత్త దారి వేసినవారికీ అది ఇస్తారు.

అమెరికాలో ఇంకో పద్ధతి ఉంది, అది మన మనసుకి దగ్గరగా ఉంటుంది. 1999లో పాట్రిక్ బార్న్స్ అనే 33 ఏళ్ల యువకుడు జబ్బుతో ఆసుపత్రిలో కన్నుమూశాడు. కొడుకు పోయిన దుఃఖంలోనూ ఆ తల్లిదండ్రులకి గుర్తుండిపోయింది అతన్ని చూసుకున్న నర్సుల దయ. వాళ్లకి కృతజ్ఞత చెప్పడానికి “డెయిజీ” అనే పురస్కారాన్ని పెట్టారు. దానికి పేర్లు సూచించేది పై అధికారులే కాదు, రోగులు, వాళ్ల ఇంటివాళ్లు, తోటి ఉద్యోగులు. నర్సులకి పాఠం చెప్పే గురువులకీ ఆ పేరు మీదే వేరే పురస్కారం ఉంది. ఇప్పుడది ఎన్నో దేశాలకి పాకింది. ఒక ఇంటివాళ్లు రాసిన ఉత్తరానికి అంత విలువ ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది కదా.

మనమూ ఆ ఉత్తరం రాయొచ్చు. అందుకు పురస్కారం దాకా పోనక్కర్లేదు. ఆసుపత్రి సూపరింటెండెంటు గారికో నర్సింగ్ సూపరింటెండెంటు గారికో ఒక తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. “సిస్టరు చాలా బాగా చూసుకున్నారు” అని మాత్రం రాసి ఊరుకోకండి. అది మంచి మాటే, కానీ దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఏ తేదీ, ఏ వార్డు, ఏం జరిగింది, ఆ పెద్ద సిస్టరు కొత్తమ్మాయికి ఏం చెప్పారు, ఆ తర్వాత ఆ అమ్మాయి ఏం చేసింది, దానివల్ల మీ మనిషికి ఏం మేలు జరిగింది. ఈ అయిదూ ఉంటే చాలు, అరపేజీకి మించదు. ఒక కాపీ ఆ సిస్టరమ్మకీ ఇవ్వండి. రేపు ఎవరైనా ఆవిడ పేరు పురస్కారానికి పంపాలనుకుంటే ఆ అరపేజీ చేతికి అందివస్తుంది. స్వీట్ల డబ్బా సాయంత్రానికి అయిపోతుంది. కాగితం ఫైల్లో ఉంటుంది.

డబ్బు, చీర లాంటివి ఇవ్వకండి. అవి ఆవిడని ఇబ్బందిలో పెడతాయి. ఇచ్చుకోలేని పక్క మంచం వాళ్లని చిన్నబుచ్చుతాయి.

ఒకటి మాత్రం అందరం చెయ్యగలం. ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా సూది వేసి, కట్టు కట్టి, రాత్రి లేచి వచ్చి చూసిన చిన్న నర్సమ్మ పని మీకు నచ్చిందనుకోండి. దీవించండి, ఆ పైన ఒక్క మాట అడగండి: “నీకీ పని నేర్పిందెవరమ్మా?” ఆ అమ్మాయి తడుముకోకుండా ఒక పేరు చెబుతుంది. ఆ పేరు రాసిపెట్టుకుని, ఆ అరపేజీ ఆ రాత్రే రాసెయ్యండి.

సెలవు.